సుభాని బిగించిన బ్రేకు

మాచర్ల,
ఆదివారం పొద్దున.

నా తమ్ముడు నాగూరుకి, అక్క మస్తానమ్మ నిండు మనసుతో దువా చేసి తన చేత్తో రాస్తన్న సంగతులు.

ఇక్కడ నేనూ, నా కొడుకు సుభానీ, కోడలు రేష్మా పైవాడి దయవల్ల బాగానే ఉన్నాం. అక్కడ రొంపిచెర్లలో నువ్వూ, మరదలు జాన్‌బీ, చిన్నాయనా ఎట్టా ఉన్నారు? నీ కంటికి ఆపరేషన్ చేసి ఇంకా నెల నిండలా. దూది దుమ్ములో కూర్చోబాక. నల్లద్దాలు పెట్టుకోమంటే నామోషీ అంటన్నావంట. నామోషీ ఏందిరా, కన్ను పోతే ఎవరన్నా తెచ్చిస్తారా? మరదల్ని బీపీ మాత్ర పరగడుపున వేసుకోవాలా, తిన్నాక వేసుకోవాలా అని డాక్టర్ని గట్టిగా అడగమను. చిన్నాయన దగ్గు తగ్గిందా? ఈ మూడూ రోజూ నా తలకాయలో తిరుగుతానే ఉంటాయి.

బాగానే ఉన్నాం అని రాశానని నెమ్మదిగా ఉన్నామనుకోబాక. ఒళ్ళు బాగుంది, అంతే. మనసు మండిపోతంది. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నీకు సగం వినపడదు, నాకు ఏడుపొస్తది. నా చదువు మూడో తరగతి, ఒత్తులు తప్పుంటే సర్దుకుని చదువు.

మీ బావ పోయాక నేను ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది. ఈ ఊరు నాకు ఇంకా అలవాటు కాలా. నీళ్ళు ఉప్పన, కందిపప్పు రెండు గంటలు పెట్టినా ఉడకదు. ఇల్లంతా నాపరాయి. పగలంతా ఎండ తాగి, పొద్దుపోయాక మన మీద కక్కుద్ది. పక్కింటివాళ్ళు పెద్దమ్మా అంటారు, ఎదురింటివాళ్ళు పెద్దమ్మా అంటారు. మస్తానమ్మా అని పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరు లేరు. కోడలు మంచిదే, లేదని చెప్పను. కానీ కూరలో చింతపండు వెయ్యదు, టమోటాలు వేస్తది. అది పులుసా? పోనీలే.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతందని సుభాని షాపులో కూర్చుంటన్నా. షాపు గురజాల పోయే రోడ్డు మీద. ఎదురుగా శేషయ్య టీ బంకు. నువ్వు చూసినప్పుడు పంచరు షాపుగా ఉండేది, ఇప్పుడట్టా కాదు. బ్యాటరీ సైకిళ్ళు వస్తన్నాయి. వాటి పని తెలిసినవాడు ఈ చుట్టుపక్కల మన సుభాని ఒక్కడే. ఆ పేరుకే ఇప్పుడు దెబ్బ తగిలింది. అదే నీకు చెప్పబోతున్నా. చివరిదాకా చదివి తర్వాత తిట్టు.

సాగర్ పోయే దారిలో కొండ పక్కన ఒకాయన టెంట్లు వేసి, చూడటానికొచ్చిన జనానికి అద్దెకిస్తాడు. పేరు ప్రసాదరావు. ఇక్కడందరూ టెంట్ల సారు అంటారు. ఆయనకి కొండలెక్కే బ్యాటరీ సైకిలు ఒకటుంది. తెల్లారగట్ట దాన్నేసుకుని కొండెక్కి, దిగుతాడు. ఎందుకెక్కుతాడు, ఎందుకు దిగుతాడు, పైన ఏముంది అని అడిగా. ఏమీ లేదంట! ఎక్కి దిగటమేనంట. నరాలు బాగుంటాయంట. మీ బావ నలభై ఏళ్ళు పరుపులు నెత్తినేసుకుని ఊళ్ళు తిరిగాడు, ఒక్కడన్నా నరాలు బాగున్నాయా అని అడిగాడా?

ఆ సారు నెల కింద సైకిలు తెచ్చి, దీనికి ఉన్న సామాను తీసి ఇంకా మంచి సామాను వెయ్యమన్నాడు. అట్టాంటివే ఇంకో పది కొని టెంట్లకొచ్చేవాళ్ళకి అద్దెకిస్తాడంట. ఈ ఒక్కటీ నచ్చితే ఆ పదింటి పనీ, వాటి బాగోగులూ మొత్తం సుభానికే అన్నాడు. సుభాని మొహం చూడాల్సింది. పెళ్ళి రోజున కూడా అంత వెలగలా.

ఆ సైకిలుకి ఎన్ని సోకులో చెప్తా విను. లావు టైర్లు వేశాడు. వేసి, గాలి తక్కువ కొట్టాడు! గట్టిగా కొట్టరా, రిమ్ము నలుగుద్ది అంటే, రాళ్ళ మీద పట్టు ఉండాలంటే తక్కువే ఉండాలమ్మా అంటాడు. సీటు కింద ఒక గొట్టం పెట్టాడు. మీట నొక్కితే సీటు కిందికి పోద్ది, మళ్ళీ నొక్కితే పైకొస్తది. కొండ దిగేటప్పుడు కిందికి ఉండాలంట. గేర్లు ఒకటో రెండో కాదు, పదకొండు. ఒక్కో పళ్ళచక్రం మీద గొలుసు సరిగ్గా కూర్చోవాలని చిన్న స్క్రూ పావు వంతు తిప్పుతాడు, పెడలు తిప్పి చెవి పెట్టి వింటాడు, మళ్ళీ తిప్పుతాడు. కుదుపు తగలకుండా ముందు పెట్టే షాకులో స్ప్రింగు కూడా లేదురా, గాలే!

ఆ గాలి కొట్టే రోజు భలే నవ్వుకున్నాం. "సార్, మీ బరువెంత?" అన్నాడు సుభాని.

"ఎందుకయ్యా?"

"ముందు షాకులో గాలి మీ బరువుని బట్టి కొట్టాలి సార్."

"డెబ్బై అయిదు," అన్నాడు ఆ సారు, పొట్ట లోపలికి లాక్కుని. సుభాని ఆ లెక్కన గాలి కొట్టి ఎక్కి కూర్చోమన్నాడు. కూర్చోగానే సైకిలు ముందుభాగం నమాజుకి వంగినట్టు వంగింది. సుభాని నెమ్మదిగా, "సార్, పొద్దున తిన్న టిఫిను కూడా కలిపి చెప్పండి," అన్నాడు. టీ బంకు దగ్గర శేషయ్యా వాళ్ళూ ఒకటే నవ్వు. "సరేలేవయ్యా, తొంభై రాసుకో," అన్నాడు పాపం. అప్పటికి మంచోడే అనుకున్నా.

చివరికి బ్రేకులు. వెనకా ముందూ చక్రాలకి ఉన్న ఇనప పళ్ళాలు తీసి ఇంకా వెడల్పువి వేశాడు. వాటిని రెండు పక్కలా పట్టుకునే బిళ్ళలు కూడా కొత్తవి. కొండ దిగేటప్పుడు మనిషి ప్రాణం ఆ బిళ్ళల మీదే ఉంటది అన్నాడు. ఆ మాట నేను విన్నా. విననిది ఇంకోటి ఉంది. కొత్త బిళ్ళలు రెండు రోజులు అరుస్తాయి సార్, ఇరవై ముప్ఫై సార్లు పరిగెత్తించి పట్టుకుంటే అవే సర్దుకుంటాయి అని ఆ సారుకి చెప్పాడంట. అప్పుడు నేను బోరింగు దగ్గర బిందె పెట్టుకుని ఉన్నా.

శుక్రవారం సుభాని మసీదుకి పోతా, షాపు చూస్తా ఉండమ్మా అన్నాడు. నేను ఆ సైకిలుని పక్కకి జరుపుదామని తోసి బ్రేకు పట్టుకున్నానా, కీచుమని అరిచింది. చెవులు పగిలిపోయాయి. నాగూరూ, నువ్వే చెప్పు. మన ఇంట్లో పుట్టినవాళ్ళు ఏం చేస్తారు? నాన్న దూది ఏకే మిషను కిర్రుమంటే మనల్ని ఎన్నిసార్లు కేకేశాడు, "నూనె అడుగుతంది, వినపళ్ళా?" అని. నిద్రలో లేచి కూడా పోసేవాళ్ళం. ఇప్పుడు నువ్వు తోలుతున్న మిషనుకి నా చేత్తో ఎన్ని సీసాల ఆముదం పోశానో. వీడు ఇన్ని సోకులు చేసి నూనె చుక్క వెయ్యటం మర్చిపోయాడు, ఆ సారు వస్తే నవ్వుతాడు అనుకున్నా. మోకాళ్ళకి రాసుకునే ఆముదం సంచిలోనే ఉంది. రెండు పళ్ళాలకీ, బిళ్ళల సందుల్లోకీ వేసి, కొంగుతో తళతళ తుడిచా. తోసి చూస్తే చప్పుడే లేదు. ఎంత సంబరపడ్డానో! సుభానికి చెప్పలా. చెప్తే, నీకెందుకమ్మా పని, కూర్చో అంటాడని.

సాయంత్రం సారు డ్రైవరు వచ్చి సైకిలు వ్యానులో వేసుకుపోయాడు. మూడో రోజు పొద్దున అదే వ్యాను షాపు ముందు ఆగింది. సారు దిగాడు. మోచెయ్యి తోలు లేచిపోయి ఉంది, చొక్కా చినిగి ఉంది. కొండ దిగతా బ్రేకు పట్టుకుంటే జర్రున జారిపోయిందంట. మలుపులో లోయలోకి పోకుండా కావాలని కంపచెట్లలోకి తోలాడంట.

"చేతకాకపోతే చేతకాదని చెప్పాలయ్యా! నా ప్రాణాలతోనా నీ ప్రయోగాలు?" అని రోడ్డు మీద నిలబడి అరిచాడు. టీ బంకు దగ్గరున్నవాళ్ళందరూ లేచొచ్చారు. నా కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనాగుతానా? లేచొచ్చి, "ఏందయ్యా నీ అరుపులు? బరువు తక్కువ చెప్పిందెవరు, నువ్వు కాదా? ఆ ఒడ్డూ పొడుగూ మోసి ఏ బ్రేకు ఆగుద్ది? కొండెక్కమని నీ కాళ్ళట్టుకుని అడిగామా?" అని దులిపేశా. నలుగురూ నవ్వారు. ఆయన మొహం ఎర్రగా చేసుకుని సైకిలు దింపేసి పోయాడు. ఆ రోజే నీకు ఫోను చేసి, వాడు దొంగ, వాడు మోసగాడు అని గంట తిట్టా. గుర్తుందిగా.

ఇక సుభాని ఆ సైకిలు ముందేసుకుని కూర్చున్నాడు. ఈ బ్రేకుకి తీగ ఉండదు, సన్న గొట్టంలో నూనె ఉంటది. దాంట్లో గాలి చేరిందేమోనని మొత్తం తీసి మళ్ళీ నింపాడు. బ్రేకు పట్టుకునే మీట మార్చాడు. పళ్ళెం వంకర ఉందేమోనని కన్నుపెట్టి చూశాడు. పట్టుకుంటే జారతానే ఉంది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలా. రేష్మాతో, "నా చేతికేదో అయిందే, నేను బిగించింది నేనే నమ్మలేకపోతన్నా," అన్నాడు. మిగతా సైకిళ్ళవి కూడా బిగించినవి మళ్ళీ విప్పి చూడటం మొదలెట్టాడు. పంచరేసిన టైరుని నాలుగు సార్లు నీళ్ళలో ముంచాడు. శేషయ్య, "ఏందిరా, పంచరేస్తన్నావా స్నానం చేపిస్తన్నావా?" అని ఎకసెక్కం.

ఆ తర్వాత బిళ్ళలు విప్పాడు. వేలితో రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని, నా వంక చూశాడు.

ఆముదం వాసన ఎవరికి తెలియదు నాగూరూ? వాడు ఆ వాసనలో పుట్టినవాడు. వాడి చూపు చూడగానే ఆ నూనెకీ ఈ దెబ్బకీ లంకె ఉందని నాకప్పుడే తెలిసింది. అప్పుడన్నా చెప్పాలిగా. చెప్పలా. "నన్నేందిరా చూస్తావు? ఆ టెంట్లోళ్ళెవరో పోసుంటారు," అని గట్టిగా అన్నా. అబద్ధం ఆడానురా. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, కన్నకొడుకు ముందు, ఐదు పూటలా నమాజు చేసే నోటితో ఆడా. "అట్టాగేలే అమ్మా," అన్నాడు వాడు. ఆ బిళ్ళలు పనికిరావని పారేశాడు, నూనె పీల్చుకుంటే ఇక ఎంత కడిగినా పోదంట. పళ్ళెం స్పిరిట్టుతో తుడిచి, కొత్త బిళ్ళలు వేశాడు.

ఇదేం అన్యాయమో చూడు. లోపల గొట్టంలో నూనె నింపుకునే బ్రేకుకి పైన చుక్క నూనె పడకూడదంట! గొలుసుకి వెయ్యాలంట, పళ్ళానికి వెయ్యకూడదంట. రెంటికీ మధ్య జానెడు దూరం లేదు. ఇన్ని బొమ్మలు, ఇన్ని ఇంగ్లీషు అక్షరాలు వేశారుగా సైకిలు నిండా, ఇక్కడ నూనె పొయ్యొద్దమ్మా అని ఒక్క ముక్క తెలుగులో రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

అసలు ఒళ్ళు మండింది ఇది కాదు. సుభాని సైకిలు తీసుకుని టెంట్ల దగ్గరికి పోయి, "తప్పు నాదే సార్, నా షాపులోనే జరిగింది," అని చెప్పొచ్చాడు. నా పేరు ఎత్తలా. ఏం తప్పు, ఎట్టా జరిగింది అని ఆయన అడిగితే తలొంచుకున్నాడంట. ఆ సారు, ఏం తప్పు చేశాడో చెప్పలేనివాడి చేతిలో పది సైకిళ్ళు ఎట్టా పెడతానయ్యా, జనం ఎక్కే బళ్ళు అన్నాడంట. పని పోయింది. ఇదంతా నాకు వాడు చెప్పలా, రేష్మా చెప్పింది, అంట్లు తోముతా, నా వంక చూడకుండా.

నేను లేచి వాడి మీదికి పోయా. "నా తప్పు నీ నెత్తినేసుకోమని ఎవరు చెప్పారురా? నన్నడగొచ్చుగా! అడిగితే చెప్పనా?"

"అడిగానుగా అమ్మా," అన్నాడు.

"ఎప్పుడడిగావు? చూశావంతే!"

"నాకు అదే అడగటం," అన్నాడు. ఇట్టా మాట్లాడితే ఏం చెయ్యాలి వీణ్ణి? మీ బావా ఇంతే. కోపం వచ్చినప్పుడు ఒక్క కేక వేసుంటే ఆ మనిషి పదేళ్ళు ఎక్కువ బతికేవాడు.

మర్నాడు దర్గాకి పోతన్నానని కోడలికి చెప్పి సాగర్ బస్సెక్కా. ఇది రెండో అబద్ధం, సరేలే. టెంట్ల బోర్డు దగ్గర దిగితే లోపలికి మైలు నడక. ఎండ, కోతులు, నా మోకాళ్ళు. సంచి లాక్కుపోతాయేమోనని కడుపుకి అదుముకుని నడిచా. మధ్యలో పడిపోతే ఎవరికి తెలుస్తది, నా గుర్తింపు కార్డు కూడా ఇంట్లోనే ఉంది అనుకుంటా పోయా. ఆ సారు మోచేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏందమ్మా, మళ్ళీ తిట్టడానికొచ్చావా?"

"తిట్టడానికే వచ్చా. ముందు మంచినీళ్ళిప్పించు."

నీళ్ళు తాగి చెప్పా. "ఆ బ్రేకుకి నూనె పోసింది నేను. మావాడికి తెలియదు. అరుస్తంటే పోశా."

నవ్వుతాడనుకున్నా, అరుస్తాడనుకున్నా. రెండూ చెయ్యలా. "నేను చచ్చిపోయేవాణ్ణమ్మా," అన్నాడు. అంతే. ఇన్ని రోజులూ పేరు, పని అని కొట్టుకుంటన్నాగానీ, ఆ మాట నాకు తట్టనే లేదురా. ఆయనకి ఇద్దరాడపిల్లలంట. "అవును బాబూ," అన్నా.

మోచేతి కట్టు సర్దుకుని ఆయనే, "మరి మీవాడు తనదే తప్పన్నాడే?" అన్నాడు.

"వాడట్టాగే అంటాడు. వాణ్ణి నమ్మబాక, నన్ను నమ్ము. ఆ పదీ వాడికియ్యి."

"అవి వేరేవాళ్ళకి మాటిచ్చేశానమ్మా, కాయితాలు కూడా అయిపోయాయి."

నాకు మళ్ళీ మండింది. "నాలుగు రోజులు ఆగలేకపోయావా? సరే, పని ఇయ్యకపోతే పోనీ. మా షాపు ముందు నలుగురిలో నా కొడుక్కి చేతకాదన్నావు. అది ఆ నలుగురిలోనే వెనక్కి తీసుకో."

"నువ్వూ నన్ను నలుగురిలోనే అన్నావుగా, బరువు సంగతి!"

"అయితే ఇద్దరం వెనక్కి తీసుకుందాం. రా."

వ్యానులో ఇంటిదాకా దింపాడు. దిగేటప్పుడు, వస్తాలేమ్మా అన్నాడు. నిన్న పొద్దున మాటిచ్చినట్టే వచ్చాడు, ఆ సైకిలు మీదే, మన షాపు రోడ్డు ఏటవాలులో దడదడా దిగి షాపు ముందు గీత గీసినట్టు ఆపాడు. టీ బంకు దగ్గర నిలబడి, "బ్రేకు సుభాని బిగించిందే. పనిలో వంక లేదు. ఆ రోజు నేనన్నది తప్పు," అన్నాడు. నేను, "నూనె పోసింది నేను. ఈయన బరువు మీదికి నెట్టటం నాది తప్పు," అన్నా. ఆ శేషయ్య ఊరుకోవచ్చుగా, "పెద్దమ్మా, ఆముదం బ్రేకుకి పోశావా సారుకి పట్టించావా?" అన్నాడు. పగలబడి నవ్వారు. మనిషి తప్పు ఒప్పుకుంటంటే నవ్వేదేందిరా? వాడి బంకులో టీ తాగటం మానేశా.

సుభాని ఆ నవ్వులో నవ్వలా. లోపలికి పోయి స్పానరు వెతుకుతన్నట్టు చానాసేపు వంగి ఉన్నాడు.

పదీ రాలా నాగూరూ. అవి ఇక రావు. ఒక్కటే, ఆ సారు తన సొంత సైకిలు మాత్రం ఎప్పుడూ ఇక్కడికే తెస్తానన్నాడు. "అమ్మా, ఆ పదీ అద్దెబళ్ళు. ఇది ఆయన ఎక్కేది. పడినాక కూడా నా బ్రేకు మీద కొండ దిగుతున్నాడు చూడు," అని సుభాని అంటన్నాడు. ఆ మాట కూడు పెడతదా అని నేను అరిచా. కానీ నిన్న వాడు రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. బిగించింది మళ్ళీ విప్పి చూడటం మానేశాడు. నన్ను షాపులోకి రావద్దంటాడేమోనని నా భయం. అనలా. పొద్దున నా కుర్చీ వాడే తీసుకెళ్ళి నీడలో వేశాడు.

వచ్చేవాళ్ళెవరన్నా ఉంటే నా దుప్పటీ, పరుపులు కుట్టే పెద్ద సూదీ పంపు. ఇక్కడ ఎదురింటామె పరుపు కుట్టిపెట్టమంది. గోంగూర పచ్చడి కొంచెం, ఉప్పు తక్కువ వెయ్యమని మరదలికి చెప్పు. మూత గట్టిగా పెట్టు, దారిలో కారుద్ది. సీసా గుడ్డలో చుట్టు. కంట్లో మందు మర్చిపోబాక.

చిన్నాయనకి నా సలాం చెప్పి, దువా చెయ్యమని అడుగు. నాకోసం అక్కర్లా, ఈ వయసులో నాకేముంది. ఆయన చెయ్యి పైకెత్తి సుభాని చేతులకోసం అడగమను. మరదలికీ, పిల్లలకీ, నన్ను అడిగినవాళ్ళందరికీ నా మాట చెప్పు.

ఉంటా తమ్ముడూ,
నీ తోడబుట్టిన మస్తానమ్మ